జూలై ఒకటిన పుట్టని మాస్టారు

సత్యానందం మాస్టారు ఇక లేరు. మొన్న మంగళవారం పొద్దున నేను గుడివాడ బస్టాండులో ఉండగా ఫోనొచ్చింది. బందరులో, తన ఇంట్లోనే, కాఫీ తాగి పేపరు చేతిలోకి తీసుకుంటూ ఆయన ప్రభువునందు నిద్రించారట. ఎక్కాల్సిన బస్సు నా ముందునుంచే వెళ్లిపోయింది. ఆ అశనిపాతం లాంటి వార్త వినగానే నాకు కలిగిన మొదటి ఆలోచన ఉన్నదున్నట్టు చెబుతాను: ఇదే రోజు ఇంకేం జరిగిందో మాస్టారిని అడగాలి.

చల్లపల్లిలో మా హైస్కూలుకు ఆయన చరిత్రోపాధ్యాయులు. గేటు పక్కన గోడకు నల్లరంగు వేయించి, రోజూ ప్రార్థనకు ముందే దాని మీద ‘ఇదే రోజు’ అని రాసేవారు. ఒక పక్క ప్రపంచం, ఒక పక్క మా బడి. ఫలానా దేశానికి స్వాతంత్ర్యం సిద్ధించింది. ఎనిమిదో తరగతి రమణ పుట్టాడు. మహాసామ్రాజ్యాల పతనాభ్యుదయాల సరసన మా పేర్లు, అదే సుద్దముక్కతో, అంతే పెద్ద అక్షరాలతో. తన రోజున ఆ గోడ ముందు నాలుగుసార్లు తచ్చాడని పిల్లలు మా కాలంలో లేరు.

ఇందులో ఒక చిక్కుంది. బడిలో వేసేటప్పుడు పుట్టిన తేదీ పెద్దవాళ్లకు గుర్తుండేది కాదు, తరచి అడిగే ఓపిక పంతుళ్లకూ ఉండేది కాదు. అందరికీ జూలై ఒకటి వేసి పారేసేవారు. దాంతో మొదటి ఏడాది ఆ రోజుకి గోడ చాల్లేదు. “ఈ రోజు మన బడిలో దాదాపు అందరూ పుట్టారు. నేనూ పుట్టాను. ఎవరూ నమ్మకండి” అని రాసి ఊరుకున్నారు. ఆ వచ్చే ఆదివారం నుంచి, చర్చిలో ఆరాధన కాగానే సైకిలెక్కి, ఇంటింటికీ తిరిగి అసలు తేదీలు వెతకడం మొదలుపెట్టారు.

“మావాడు పుట్టిన్నాడే కాలవకి నీళ్లొదిలారండీ” అని ఒక తల్లి అంటే, లాకుల దాకా వెళ్లి కనుక్కొచ్చేవారు. “మా గేదె ఈనిన మర్నాడండీ” అంది ఇంకొకామె.

“గేదె ఎప్పుడీనిందమ్మా?”

“మావాడు పుట్టిన ముందురోజండీ.”

ఆ ఇంట్లో మజ్జిగ తాగి వచ్చేశారు.

రైసుమిల్లు ఆసామి కొడుక్కి డిసెంబరు పదిహేడు తేలింది. మనిషి మొట్టమొదట విమానం ఎగరేసిన రోజు. ఆసామి గోడ దగ్గరికి వచ్చి, “ఎంతసేపెగిరిందండీ అది?” అన్నాడు.

“ఓ రెండు గుక్కలు మంచినీళ్లు తాగేంతసేపండీ.”

“అంతేనా? మావాడికి ఇంకాస్త పెద్దది చూడండి మాస్టారూ.”

“పెద్దది కావాలంటే అది మీవాడే చెయ్యాలండీ.”

“చెడ్డరోజంటూ లేదు, సరిగ్గా వెతకని రోజే ఉంటుంది” అన్నది ఆయన నిత్యం చెప్పే మాట. ఆ మాటకు పరీక్ష మా ఇంట్లో ఎదురైంది.

మాది అవనిగడ్డ అవతల, సముద్రానికి దగ్గర పల్లె. నన్ను పెంచింది అమ్మమ్మ. మాస్టారు వచ్చి అడిగితే “జూలై ఒకటేనండీ” అని చటుక్కున లేచిపోయింది. ఆయన తర్వాతి ఆదివారం వచ్చారు. ఆపై ఆదివారం కూడా వచ్చారు. అప్పుడు అమ్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పింది. నేను తలుపు వెనకనుంచి విన్నాను.

“ఉప్పెనొచ్చిన రోజండీ. పొద్దున ఇది పుట్టింది, పొద్దుగూకేసరికి సముద్రం ఊళ్లోకొచ్చింది. గొడ్లను విప్పడానికెళ్లిన మా ఆయన తిరిగి రాలేదు. ఊరంతా ఏడ్చే రోజున దీనికి కొత్తబట్టలెలా కడతానండీ? పుడతానే ఉప్పెన తెచ్చిందంటారని దాచేశాను.”

మాస్టారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. “పోయినవాళ్లని ఊరంతా తలుచుకుంటదమ్మా, తలుచుకోవాలి కూడా. ఆ రోజు వచ్చిందాన్ని కూడా చెప్పుకోకపోతే ఇంక ఆ రోజుకి మంచేం మిగులుద్ది? మీరు సరేనంటేనే రాస్తాను. వద్దంటే జూలై ఒకటే.” అమ్మమ్మ సరేననలేదు, వద్దనీ అనలేదు. ఆయన గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోసింది.

ఆ నవంబరు పంతొమ్మిదిన, ఎవరేమంటారోనని నేను వెనకాడుతుంటే, అక్షరమ్ముక్క రాని అమ్మమ్మ నాతోపాటు చల్లపల్లి బస్సెక్కింది. గోడ మీద ఇలా ఉంది: “ఇదే రోజు మనుషులు రెండోసారి చంద్రుడి మీద దిగారు. ఇదే రోజు దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ఇదే రోజు పదో తరగతి నాగమణి పుట్టింది.” అమ్మమ్మ చివరి వాక్యం ఏదో చూపించమంది. ముట్టుకోబోయి, చెరిగిపోతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగు చాటునుంచి లడ్డూల పొట్లం తీసి మాస్టారి చేతిలో పెట్టింది. నా జీవితంలో అంత సంతోషం మళ్లీ ఎరగను.

ఇందరి జన్మదినాలను వెలికితీసిన ఆ మహనీయుడికి తన రోజు మాత్రం దొరకలేదు. ఊహ తెలియక ముందే తల్లిదండ్రులు పోతే బందరులో హాస్టలువాళ్లు పెంచి, రివాజు ప్రకారం జూలై ఒకటి వేశారు. “అడుగుదామంటే నాకో అమ్మమ్మ లేదు కదమ్మా” అని నవ్వేవారు. నవ్వేవారే గానీ, వెతకడం మానలేదు.

శనివారం బందరులో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆ భోజనాల దగ్గర శిష్యులం గేదె కథ చెప్పుకుని, పొలమారేలా నవ్వాం. సమాధి రాయి మీద పుట్టిన తేదీగా ఏది చెక్కించాలన్న ప్రశ్న దగ్గర అందరం ఆగిపోయాం. “జూలై ఒకటి చెక్కిస్తే ఆయన లేచొచ్చి నన్ను తిడతారు” అన్నారు మాస్టారి భార్య సుగుణమ్మగారు. మూల కుర్చీలో కూర్చున్న మా అమ్మమ్మ అప్పుడు నోరు విప్పింది.

“నవంబరు పంతొమ్మిది చెక్కించమ్మా. ఆ రోజుకీ ఓ మంచి ఉందని చెప్పింది ఆయనే కదా. రెండో మంచి ఆయన్నే అవ్వనియ్యి.”

సుగుణమ్మగారు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. రాయి చెక్కడానికి ఇచ్చేశాం.

చల్లపల్లిలో ఆ గోడ ఇంకా ఉంది. వచ్చే నవంబరు పంతొమ్మిదిన నేనే వెళ్లి రాస్తాను: ఇదే రోజు మా సత్యానందం మాస్టారు పుట్టారు. మాస్టారూ, ఈ తేదీకి ఆధారం మా అమ్మమ్మ మాట ఒక్కటే. తప్పనిపిస్తే సైకిలేసుకుని వచ్చి దిద్దండి. మమ్మల్ని దిద్దేవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ లేరు.