రక్తం నాది, నంబర్ ఆయనది

నాలుగో నెలలో మంథని నుంచి అవ్వా (మా అమ్మను అవ్వ అంటాను) నేనూ కరీంనగర్‌కు పోయాం, కడుపులో బిడ్డ బాగుందో లేదో చెప్పే రక్తపరీక్షకు. కౌంటర్లో ఫారం నింపే పిల్ల ఫోన్ నంబర్ అడిగితే, నేను నోరు తెరిచేలోపే అవ్వ దుబాయ్‌లో ఉన్న అల్లుడి నంబర్ చెప్పింది. మా దిక్కు ఆడవాళ్ల కాగితాల మీద మొగుడి నంబరే ఉంటుంది. నేనూ ఊరుకున్నాను, బుద్ధిలేనిదాన్ని.

వారం తర్వాత ఆయన వీడియో కాల్‌లో, "అంతా మంచిగనే ఉందట, ఫికర్ పెట్టుకోకు" అన్నాడు. నమ్మాను. ఆ మర్నాడే అవ్వ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి దేవుడి పటం వెనక పెట్టింది.

"ముడుపు దేనికే అవ్వా?"

"ఊకెనే బిడ్డా."

మా అవ్వ ఊరికే చిటికెడు ఉప్పు కూడా ఖర్చు పెట్టదు. అయినా నాకు వెలగలేదు.

పాప పుట్టిన రెండో రోజు పిల్లల డాక్టరమ్మ దాని కళ్లు చూసి, అరచేయి విప్పి చూసి, ల్యాబ్ నుంచి పాత రిపోర్టు తెప్పించింది. "డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చని అప్పుడే వచ్చింది కదమ్మా. ఉమ్మనీరు తీసి ఇంకో పరీక్ష చేస్తాం రమ్మని మీ ఆయనకు ఫోన్ చేసి చెప్పారట. ఎందుకు రాలేదు?" అని అడిగింది.

నేను అవ్వ వైపు చూశాను. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?"

"కడుపుతోని ఉన్నదానికి చెడ్డ ముచ్చట చెప్పద్దంటరు బిడ్డా. అల్లుడు గూడ వద్దన్నడు. చెప్తె నువ్వు తీసేపిచ్చుకుంటవని భయమైంది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. అత్త దాచిందంటే ఒక మాట, ఈమె కన్నతల్లి. ఐదు నెలలు ఆ సంగతి కడుపులో పెట్టుకునే నాకు రోజూ అన్నం కలిపి పెట్టింది. ఆయనకు ఫోన్ చేస్తే "నీ మంచికే" అన్నాడు. పెట్టేశాను.

పాపకిప్పుడు మూడేళ్లు. అమ్మమ్మంటే ప్రాణం దానికి, చూడగానే చేతులు చాపుతుంది. నేనే ఇప్పటికీ ఆమెతో సరిగా మాట్లాడను. "గింత మంచి పిల్ల, చెప్తె దక్కుతుండెనా?" అంటుంది అవ్వ, గెలిచినదానిలా.

దక్కేది. నేను ఉంచుకునేదాన్ని. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఇంట్లో ఎవరూ నమ్మరు. ఎవరిదాకానో ఎందుకు, ఒక్కోరోజు నేనే నమ్మను.