ఎడిటర్ గారిని దత్తతకిచ్చిన రోజు

మొన్న బుధవారం మధ్యాహ్నం విల్లియనూరులో ఒక పెద్దమనిషి రోడ్డు పక్కన పెయింట్ బకెట్ ముందు గొంతుక్కూర్చుని, మగ్గుతో నీళ్లు తీసి మళ్లీ అదే బకెట్లో పోస్తూ కనబడ్డాడని ఎవరైనా చెబితే నమ్మండి. అది నేనే. మతి చెడలేదు. అసలేం జరిగిందో మాత్రం నాకింకా పూర్తిగా బోధపడలేదు. వరసగా చెబుతాను. మీకేమైనా అర్థమవుతుందేమో చూడండి.

మా ఇంట్లో ఏడేళ్లుగా ఒక ఫ్లవర్‌హార్న్ చేప ఉంది. వాస్తుకి మంచిదని ఎవరో అంటే మా ఆవిడ విజయ బొటనవేలంత పిల్లను తెచ్చింది. అది అడుగు పొడవు పెరిగింది. నుదుటి మీద కోడిగుడ్డంత బుడిపె. తొట్టి దగ్గరికి ఎవరొచ్చినా దూసుకొచ్చి అద్దాన్ని గుద్దుతుంది. తోడుగా ఇంకో చేపను వేస్తే తెల్లారేసరికి తోడు ఉండదు. నేను రిటైరయ్యేదాకా పనిచేసిన పత్రికలో ఎడిటర్ గారి తీరు అచ్చం ఇదేనని విజయ దానికి ఆ పేరే పెట్టింది. గారు తీసేసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఈ ఆదివారం మేం మురుంగపాక్కం నుంచి గోరిమేడుకు మారుతున్నాం. మేడ మీద పోర్షన్. కొత్త ఓనర్ ముందే చెప్పేశాడు, చేపల తొట్టి అన్న మాటే ఎత్తవద్దని. చిన్నదైనా సరే, కిందికి నీళ్లు కారతాయట. చేపల షాపువాడు అమ్మడమే గాని వెనక్కి తీసుకోనన్నాడు. చెరువులో వదిలేయమన్నారు కొందరు. అది చెరువులో ఉన్న మిగతా చేపల్ని బతకనిస్తుందా? ఆదివారం లోపల దీనికో ఇల్లు చూడాలి. అదీ నా సమస్య.

విల్లియనూరులో పెయింట్ షాపు నడిపే గోవిందరాజులు దొరికాడు. తాతల నాటి నుంచి ఈ తమిళ ఊళ్లోనే ఉన్న తెలుగువాళ్లు. షాపు వెనకే ఇల్లు. "నా తొట్టి పెద్దది సార్. ఎత్తుకోని వచ్చేయండి" అన్నాడు ఫోన్లో. బుధవారం అనుకున్నాం.

పొద్దున్నే బయల్దేరబోతే విజయ పంచాంగం చూసి ఆపింది. "వర్జ్యం ఉంది. పన్నెండు దాటాక వెళ్లండి. లక్ష్మి లాంటి చేపను వర్జ్యంలో పంపిస్తామా?"

సరే, పన్నెండు దాటాకే బయల్దేరాను. స్కూటర్ మీద కాళ్ల మధ్య బకెట్, మూతకు చిల్లులు, లోపల ఎడిటర్ గారు. దారి పొడుగునా తోకతో మూతను కొడుతూనే ఉన్నారు.

గోవిందరాజులు ఇంటి గేటు తీయబోయేసరికి వాళ్లమ్మ అడ్డం వచ్చింది.

"ఆగు నాయనా, యాడికి వస్తా ఉండావు? ఇప్పుడు రాహుకాలం."

"అమ్మా, నేను వర్జ్యం పోయాకే బయల్దేరాను."

"అదేంది? మా తమిళ క్యాలెండర్లో అది లేదే. నువ్వు లోపలికి రా, అన్నం తిను. చేప మాత్రం ఆడనే ఉండనీ."

నేను రావచ్చట. చేప రాకూడదట. చేపను రోడ్డు మీద వదిలేసి నేనెలా అన్నం తింటాను? గోవిందరాజులు లోపలి నుంచి తొంగిచూసి, "అమ్మ మాట సార్, ఏం చేసేది" అని చేతులు తిప్పాడు.

విజయకు ఫోన్ చేశాను.

"వెనక్కి మాత్రం తీసుకురాకండి," అంది. "ఇంట్లోంచి సాగనంపాక మళ్లీ గడప తొక్కకూడదు."

అంటే ఆ గడప దాటకూడదు, ఈ గడప దాటకూడదు. మిగిలింది రోడ్డు. నాలుగు దశాబ్దాలు ఇతరుల అయోమయాన్ని సరిదిద్ది అచ్చేసిన వాణ్ణి. ఇక్కడ ఏ వాక్యం కొట్టేయాలో తెలియలేదు.

మూత తీస్తే ఎడిటర్ గారు పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నారు. రంగు పాలిపోయింది. ఏడేళ్లలో మొదటిసారి నన్ను చూసి మీదికి రాలేదు. అది నాకు నచ్చలేదు. మగ్గుతో ఎత్తి పోస్తే నీళ్లలో గాలి కలుస్తుందని ఎప్పుడో చదివాను. అమ్మగారిని అడిగి, గేటు సందులోంచి మగ్గు పుచ్చుకుని మొదలుపెట్టాను.

ఆటో అతను ఒకడు ఆగి చూశాడు. "ఏం మీన్ సార్ ఇది? కుళంబుకి బాగుంటదా?"

"ఇది పెంపుడు చేపయ్యా, పులుసుకి కాదు."

"పెంచిందైతే ఇంకా కొవ్వు ఉంటాది" అనేసి పోయాడు.

అటు తిరిగి మాట్లాడుతున్నానా, మగ్గు పట్టుకున్న చేతిని ఎడిటర్ గారు పట్టేశారు. వేలు చీరుకుపోయింది. నిజం చెప్పనా, ప్రాణం లేచొచ్చింది, ఆయనకీ నాకూ. అమ్మగారు గేటు సందులోంచే పసుపు అందించింది. తర్వాత మజ్జిగ. ఆ తర్వాత ప్లాస్టిక్ స్టూలు, అది మాత్రం గేటు మీంచి. ఆ గేటు చేపకు తప్ప లోకంలో అన్నిటికీ దారి ఇచ్చింది.

రాహుకాలం పోయింది. హారతి ఇచ్చి బకెట్‌ను లోపలికి తీసుకెళ్లారు. ఎడిటర్ గారు కొత్త తొట్టిలో ఒక చుట్టు తిరిగి, గోవిందరాజుల్ని చూసి అద్దాన్ని గుద్దారు. అతను మురిసిపోయాడు. బకెట్ ఇప్పించమన్నాను, వెళ్లిపోదామని.

అమ్మగారు బకెట్ తెచ్చింది. బరువుగా ఉంది. లోపల నీళ్లున్నాయి. నీళ్లలో వేలంత ఫ్లవర్‌హార్న్ పిల్ల.

"ఇదేమిటమ్మా?"

"ఆ తొట్టిలో ఉన్నింది నాయనా. రెండూ ఒకచోట ఉంటే మీది దీన్ని తినేస్తాది గదా. మళ్లీ, లక్ష్మిని తెచ్చిన బకెట్‌ను వట్టిగా పంపేది ఎట్లా?"

ఇల్లు మారుతున్నామన్నాను. ఓనర్ ఒప్పుకోడన్నాను. ఆమె కుంకుమ బొట్టు పెట్టి స్కూటర్ దాకా సాగనంపింది. మంత్రుల్ని నిలదీసిన వాణ్ణి, బుద్ధిగా బకెట్‌ను కాళ్ల మధ్య పెట్టుకున్నాను.

ఇంట్లో విజయ మూత తీసి చూసింది. "చేపను ఇచ్చి రమ్మంటే, చిన్నది చేయించుకొచ్చారా?"

ఆదివారం దగ్గరికొచ్చింది. పిల్ల చురుగ్గా ఉంది, నుదుటి మీద బుడిపె ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. మీలో ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఇంటికే తెచ్చిస్తాను. బకెట్ మాత్రం తిరిగి ఇవ్వనక్కర్లేదు.