సుందర్రావు పరగడుపు స్కానింగ్

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం మర్నాడు పొద్దున సుందర్రావు నీళ్ల గిన్నె ఖాళీగా కనిపించింది. రాత్రి పడుకోబోయే ముందు దాన్ని నింపింది నేనే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, గిన్నె నిండిందా లేదా అన్న విషయంలో పొరబడను.

"ఎండలు కదా, తాగుంటాడు" అన్నారు మా ఆయన.

"ఎండలకి మనమూ తాగుతున్నామండీ. గిన్నె అడుగు నాకడం లేదు" అన్నాను.

సుందర్రావు మా పిల్లి. పన్నెండేళ్ల మగపిల్లి. ఏలూరులో మా ఇంటి ప్రహరీ దూకి పసికూనగా వచ్చినప్పుడు, అందంగా ఉన్నాడని మా ఆయనే ఆ పేరు పెట్టారు. గిన్నె ఖాళీగా కనిపించిన రోజు నుంచి మందుసీసా మూతతో కొలిచి నీళ్లు పోయడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి తాగేది ఇంకా పెరిగింది. ఇసుక తొట్టిలో నిమ్మకాయంత ఉండే తడి ముద్దలు బత్తాయంత అయ్యాయి. నన్ను నేను తూచుకుని, తర్వాత వాణ్ణి ఎత్తుకుని తూచుకుని, తీసివేత చేశాను. కిందటి వేసవికంటే వాడు అరకిలో తగ్గాడు. నేను తగ్గలేదు.

ఈస్టరు వెళ్లాక ఏలూరులోనే రక్తం తీయించాము. క్రియాటినిన్ ఎక్కువుంది. "కిడ్నీలండి. పెద్దవయసు పిల్లులకి వస్తుంది. అల్ట్రాసౌండ్ చేయించండి, రాయి ఉందో, అడ్డుందో, కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో తెలుస్తుంది" అన్నారు డాక్టరు గారు. పిల్లులకు ఆ స్కానింగ్ బాగా చేస్తారని తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరమ్మ పేరు చెప్పారు. ముందురోజు రాత్రి నుంచి మేత పెట్టకూడదు, నీళ్లు పర్వాలేదు.

మూతున్న బుట్టలో పాత తువ్వాలు పరిచి, సుందర్రావుని కూర్చోబెట్టి, పాసింజరు బండిలో బయల్దేరాము. గూడెం దాకా వాడు ఆపకుండా అరిచాడు. మా ఆయన పక్క పెట్టెలోకి మారిపోయారు.

ఆ డాక్టరమ్మ ఊళ్లు తిరిగి గేదెలకు కూడా స్కానింగ్ చేస్తుంది. అందుకని వరండాలో మా పక్కన పెంటపాడు నుంచి మందులకొచ్చిన ఒక రైతు కూర్చున్నాడు. బుట్టలోకి తొంగిచూశాడు.

"స్కానింగ్‌కాండీ?"

"అవునండి."

"ఎన్నో నెలండి?"

"మగపిల్లండి."

ఆయన మళ్లీ బుట్టలోకి వంగి చూశాడు. "మరి స్కానింగెందుకండీ?"

"కిడ్నీలకి."

"పిల్లికి కిడ్నీలుంటాయాండీ?"

"మీకున్నాయి కదండీ" అన్నారు మా ఆయన.

లోపల సుందర్రావు పొట్ట మీద బొచ్చు గీసేశారు. జెల్ రాశారు. వాడు వెల్లకిలా పడుకుని, అవమానం భరిస్తున్న పెద్దమనిషిలా గోడ కేసి చూశాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నా ఆఖరి బ్యాచి వయసుంటుంది. తెర నా వైపు తిప్పింది.

"ఇదిగోనమ్మా ఎడమ కిడ్నీ. పైన కార్టెక్స్, లోపల మెడుల్లా. మామూలుగా రెంటికీ తేడా స్పష్టంగా కనిపించాలి. ఇక్కడ కలిసిపోయినట్టుంది, చూడండి. కార్టెక్స్ ఉండాల్సినదానికన్నా తెల్లగా ఉంది. అంచు కూడా నున్నగా లేదు, ఎగుడుదిగుడుగా ఉంది. సైజు తగ్గింది."

"ఎంత?"

"రెండు పాయింట్ ఏడు సెంటీమీటర్లు. మూడు దాటి ఉండాలి."

"ఇంకోసారి కొలవమ్మా."

కొలిచింది. రెండు పాయింట్ తొమ్మిది వచ్చింది.

"తేడా వచ్చిందే!"

"ఊపిరి తీస్తున్నాడమ్మా, కిడ్నీ కదులుతుంది. నేను చెయ్యి కొంచెం వాల్చినా మారుతుంది."

"అయితే మూడోసారి కొలిచి సగటు తీయి."

తీసింది. రెండు పాయింట్ ఎనిమిది. కుడిదీ అంతే. రాళ్లు లేవు, మూత్రానికి అడ్డు లేదు. "క్రానిక్ కిడ్నీ డిసీజ్" అంది.

"ఏ స్టేజి?"

"స్కాన్ చూసి స్టేజి చెప్పకూడదమ్మా. ఇందులో కిడ్నీ ఆకారం కనిపిస్తుంది, పని కనిపించదు. పిల్లాడి ఎత్తు కొలిచి మార్కులు చెప్పలేం కదా. రక్తం, యూరిన్, బీపీ అన్నీ చూసి చెప్పాలి."

ఆ మాటతో నాకు ఆ అమ్మాయి నచ్చింది. అన్నీ చూసి స్టేజి టూ అంది. కిడ్నీలకని ప్రత్యేకంగా దొరికే మేత మాత్రమే పెట్టమంది. ఉప్పుచేప, ఎండురొయ్యలు వాసన కూడా చూపించొద్దంది. కొల్లేరు పక్కన బతికే పిల్లికి ఇది ఎంత పెద్ద శిక్షో ఆ అమ్మాయికీ తెలుసు. వాడి తల నిమిరింది.

సుందర్రావు ఆ మేతను సరిగా ముట్టలేదు. వాసన చూసి, పక్కనున్న నేలను పాదంతో గీకి కప్పెట్టబోయేవాడు. రెండు వాంతులు చేసుకున్నాడు. నీరసించాడు. నెల తర్వాత మళ్లీ రక్తం తీస్తే క్రియాటినిన్ ఇంకా పెరిగింది. డాక్టరమ్మ మొహం చూసి మా ఆయన బుట్ట మీద చెయ్యేశారు.

"ఉన్నట్టుండి పెరిగిందంటే ఎక్కడైనా రాయి అడ్డుపడిందేమో చూడాలి" అని మళ్లీ స్కాన్ పెట్టింది. అడ్డు లేదు. కిడ్నీల సైజు అంతే ఉంది. ఈసారి చెప్పకుండానే మూడుసార్లు కొలిచింది. తర్వాత చెయ్యి ఆపింది.

"అమ్మా, పరగడుపునే తెచ్చారా?"

"రాత్రి నుంచి ఏమీ పెట్టలేదు."

"మరి పొట్ట నిండా మేతుందేమిటి?"

బోర్డు మీద నేను వేసిన లెక్క తప్పని పిల్లలు లేచి చెప్పినట్టయింది. తెల్లారగానే పావుగంట పెరట్లోకి వదులుతాను, అంతే. ఆ పావుగంటలో పొట్ట ఎలా నిండింది?

"ఇంట్లో కాదు, బయటెక్కడో తింటున్నాడు. ఎక్కడో కనుక్కోండి. ఇలాగే పెరిగితే నేను చేయగలిగింది తక్కువమ్మా" అంది. సెలైన్ చర్మం కిందికి ఎక్కించడం నేర్పించి పంపింది.

ఇరుగుపొరుగుని అడిగాను. "పిల్లికి మేమేం పెడతామండీ" అన్నారు అందరూ. ఇక మనుషుల వల్ల కాదనుకుని, ఆదివారం గుడిలో ప్రార్థన మనవుల పెట్టెలో ఒక చీటీ వేశాను. "సుందర్రావు, కిడ్నీ వ్యాధి" అని రాశాను. పాస్టరమ్మగారు అది తీసి, గొంతు తగ్గించి, "మన టీచరమ్మగారి ఇంట్లో సుందర్రావు గారు కిడ్నీ వ్యాధితో బాధపడుతున్నారు" అని చదివారు. అప్పటికే సంఘమంతా కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకున్నవాళ్లను ఆపి "పిల్లండీ" అనడం ఎలాగో నాకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నం పాస్టరమ్మగారు, వెనక వీధి రత్నకుమారి, ఇంకో నలుగురు ఆడవాళ్లు మా ఇంటికొచ్చారు. కొబ్బరిబొండాలు, యాపిల్‌పళ్లు, ఒక హార్లిక్స్ సీసా.

"సుందర్రావు గారు ఎక్కడ పడుకున్నారండీ?" అన్నారు పాస్టరమ్మగారు మెల్లిగా.

"ఫ్రిజ్ మీద" అన్నారు మా ఆయన.

అందరూ తలలెత్తారు. సుందర్రావు గీసిన పొట్ట చూపిస్తూ ఒళ్లు విరుచుకున్నాడు. రత్నకుమారి ఒక్కతే ముందుకొచ్చింది.

"అయ్యో, ఇది మా చిట్టోడు కదండీ! రోజూ తెల్లారగానే వచ్చేస్తాడు. కలిదిండి నుంచి మా అమ్మ పంపిన ఉప్పుచేప పెడితేగానీ గుమ్మం వదలడు!"

"పిల్లికేమీ పెట్టనన్నావు కదమ్మా, మొన్న నేనడిగితే?"

"మీ పిల్లికి పెట్టలేదండీ. వీడు మావాడనుకున్నాను!"

చప్పుడు విని పక్కింటి మస్తాన్‌బీ గుమ్మంలోకొచ్చింది. ఆవిడ బట్టలు కుడుతుంది. "మా నవాబుకేమైందండీ?" అంది. రోజూ మధ్యాహ్నం మేము కునుకు తీసేటప్పుడు కిటికీలోంచి జారుకునే నవాబుకు ఆవిడ ఇంట్లో చేపల కూర. ఇంతలో సుందర్రావు ఫ్రిజ్ మీంచి దూకి, అంతమందినీ దాటుకుని, మా ఆయన చొక్కా జేబు దగ్గర మూతి పెట్టి అరవడం మొదలుపెట్టాడు. జేబులో ఎండురొయ్యలున్నాయి.

"డబ్బా మేత ముట్టడం లేదు కదే. చూడలేకపోయాను" అన్నారాయన.

అనాల్సింది పాస్టరమ్మగారు వెళ్లాక అన్నాను.

"మరి ఈ ప్రార్థన..." అని ఎవరో గొణిగారు.

"చేసింది చేశాం. వెనక్కి తీసుకోలేం కదా" అని పాస్టరమ్మగారు ఈసారి కళ్లు తెరిచే, పిల్లి మీద చెయ్యి వేసి ఇంకోసారి చేశారు. అక్కడే ఒప్పందం కుదిరింది. చిట్టోడికి, నవాబుకి, సుందర్రావుకి ఇక ఒకటే మేత. కొలిచి ముగ్గురిళ్లకూ నేనే పంచాను. రత్నకుమారి గుమ్మంలో పెడితే వాడు అదే మేతను మారుమాట లేకుండా తిన్నాడు. నా చేత్తో పెడితే మాత్రం ఇప్పటికీ నేల గీకుతాడు.

తర్వాతి పరీక్షలో క్రియాటినిన్ తగ్గింది. "కిడ్నీలు మళ్లీ పెరగవమ్మా. ఉన్నదాన్ని కాపాడుకోవడమే" అంది డాక్టరమ్మ. సగటు రెండు పాయింట్ ఎనిమిది దగ్గరే ఉంది. లెక్కల్లో మారని సంఖ్యని చూసి ఇంత సంతోషించడం నాకు ఇదే మొదటిసారి. ఇప్పుడు సెలైన్ పెట్టేటప్పుడు మస్తాన్‌బీ వాణ్ణి పట్టుకుంటుంది. సూది నేను గుచ్చుతాను. మా ఆయన జేబుల్లేని బనీను మీద పక్కన కూర్చుంటారు. బొచ్చు తిరిగి వచ్చింది.

మీ పిల్లికి కిడ్నీ జబ్బని తెలిస్తే స్కానింగ్, రక్తపరీక్ష రెండూ తప్పక చేయించండి. కానీ మేత మార్చబోయే ముందు, వాణ్ణి ఎత్తుకుని ఒక్కసారి వీధంతా తిరిగి రండి. మీ పిల్లిని ఇంకా ఎన్ని పేర్లతో పిలుస్తున్నారో అప్పుడు తెలుస్తుంది. ఆ పేర్లన్నిటికీ కలిపి పథ్యం పెట్టండి.