దూది పెట్టిన సీసాలు

ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే కిటికీ వెనక కూర్చునే ఆవిడని అందరూ దూదక్క అంటారు. సీసాలో మాత్రలు పోశాక పైన కాస్త దూది కుక్కి, మూత బిగించి, చెవి దగ్గర ఊపి చూసుకుంటుంది. చప్పుడు రాకూడదు. బస్సులో పక్కసీటు వాళ్లకో, ఇంట్లో అత్తగారికో ఆ గలగల వినపడితే మనిషి బతుకు ఏమవుతుందో ఆవిడకి తెలుసు. తొమ్మిదేళ్లలో ఆవిడ చేతి సీసా ఒక్కటీ మోగలేదు.

మందులు పంపే విదేశీ సంస్థ నుంచి రెండు నెలలుగా సరుకు లేదు, ఉత్తరాలకి జవాబూ లేదు. బీరువాలో ఒక్క అరలోనే మందులు మిగిలాయి. అందుకని ఇవాళ నెలకి బదులు పది రోజుల మాత్రలే పోసి, ఖాళీ అంతా దూదితో నింపింది. ఆ సంగతి మాత్రం పొద్దుటి నుంచి ఎవరికీ చెప్పలేదు.

వరసలో ముందున్న, మిషను కుట్టుకునే ఆమె సీసాని అరచేతిలో తూచి నవ్వింది. "ఏంటక్కా, మాత్రలు మానేసి దూది పంచుతున్నావా?"

"పది రోజులకే ఉన్నాయమ్మా. అవి అవగానే రా."

"వస్తే ఉంటాయా?"

దూదక్క చూపు బీరువా వైపు పోయింది. మిషనామె మొహంలో నవ్వు పోయింది. "నా చంటిదానికీ ఇక్కడి మందులే కదక్కా!"

దూదక్క తల దించుకుని, ఇంకా దూది పెట్టని తర్వాతి సీసా అందుకుంది. అలవాటు కొద్దీ చెవి దగ్గర ఊపేసరికి లోపలి మాత్రలు గలగలమన్నాయి.

వరసలో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూశారు.