మ్యాపులో లేని వాగు

కల్మల దాటాక లింగసూగూరు రోడ్డు మీద పోయిన నెల ఒక ట్యాంకర్ బోల్తా పడింది. బాయిలర్లలో మండించే నల్లటి నూనె రోడ్డు కింది మోరీ గొట్టం గుండా పల్లానికి దిగింది. ఆ వాసన ఇంకా నా చెప్పులను వదల్లేదు. వార్త రాసుకోవడానికి వెళ్లిన నేను, మోరీ కింద వాగుందని అక్కడి అధికారికి చెప్పాను. ఆయన ట్యాబ్‌లో మ్యాపు తెరిచి చూపించారు. నూనెలు, రసాయనాలు ఒలికితే ముందుగా ఏ నీటిని కాపాడాలో తెలియడానికి తయారైన మ్యాపు అది. నది, కాలువలు, చెరువులు నీలంగా ఉన్నాయి. మేం నిలబడిన చోట ఏ గీతా లేదు. ఆయన రోడ్డు అంచున మట్టికట్ట వేయించి సరిపెట్టారు. ఆయన్ను నేను తప్పుపట్టలేను. ఆ మ్యాపు కోసం ఊరూరా తిరిగినవాళ్లలో నేనూ ఒకణ్ని.

మా పత్రిక జిల్లా పేజీని ఎత్తేసినప్పుడు నన్ను ఆ పనిలోకి తీసుకున్నది వీరేశం సార్. సర్వేయరుగా రిటైరైన మనిషి, మా జట్టుకు పెద్ద. ఉపగ్రహం తీసిన ఫొటోలో నీళ్లున్నట్టు కనిపించిన చోటికీ, పాత పటాల్లో వాగులున్న చోటికీ వెళ్లి, ఉన్నదేమిటో ఫోన్‌లో నమోదు చేసి పంపడం మా పని. ఆయన నడుస్తూ మాట్లాడేవారు కాదు. మాట్లాడాలంటే ఆగేవారు. అందుకే ఆయన ఆగినప్పుడల్లా నేనేదో తప్పు చేశానని అర్థమయ్యేది.

బాళగనూరు దగ్గర ఒకసారి ఫొటోలో పెద్ద చెరువు కనిపించింది. వెళ్లి చూస్తే కోతకొచ్చిన వరి. ఫొటో నాట్ల సమయంలో తీసింది, మడి నిండా నీళ్లున్న రోజులు. పొలం యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాడు. మేము వచ్చిన పని విని నవ్వాడు. “మా చేనును చెరువు చేశారా అండీ? చేపపిల్లల్ని కూడా మీరే వదులుతారా?” అన్నాడు. సార్ నవ్వలేదు. ఫొటో ఏ నెలదో నన్ను అడిగారు. నేను చూసుకోలేదు.

ఇప్పుడు ట్యాంకర్ పడ్డ కల్మల అవతలి మోరీకి అప్పట్లో నేనొక్కణ్నే వెళ్లాను. అది ఏప్రిల్. కింద ఎండిన ఇసుక, దాని మీద ఆరబెట్టిన కంది కట్టె. ‘వాగు లేదు’ అని నమోదు చేసి, అక్కడినుంచే పంపేశాను. మర్నాడు సార్ నన్ను మళ్లీ అక్కడికి తీసుకెళ్లారు. మోరీ మీద ఆగారు.

“ఏప్రిల్ల వొచ్చి వాగు లేదని రాస్తివి. గిట్లైతే ఎండకాలం కృష్ణ గూడ లేదంటవేమో, పత్రికాయనా.”

దిగువన ఎల్లమ్మ అనే గొర్రెల కాపరి కనిపించింది. సార్ ఆమెను అడిగారు. వానల్లో వాగు పారి, పది దినాలు మందను అవతలికి తోలడానికి వీలుండదని ఆమె చెప్పింది. ఇసుకలో తవ్విన చెలమ చూపించింది. మూడు జానల కింద నీళ్లున్నాయి. ఆమె ఇంటికీ, మందకూ వేసవంతా ఆ నీళ్లే.

పంపేసిన నమోదును ఫోన్‌లో దిద్దే వీలు లేదు. సార్ కాగితం మీద గీత గీసి, నీళ్లు పారే నెలలు, చెలమ చోటు రాసి నగరంలోని మ్యాపు ఆఫీసుకు పంపారు. జవాబు రాలేదు. మళ్లీ రాశారు. మూడోసారి రాస్తుంటే, ఒక్క గీతకు ఇంత తండ్లాట ఎందుకన్నాను. ఆయన కలం ఆపారు.

“ఆడ ఆమె నీళ్లు తాగుతది. గీత నీకు ఒక్కటే, ఆమెకున్న నీళ్లు గూడ అవ్వొక్కటే.”

ఏడాది తర్వాత వీరేశం సార్ పోయారు. నేను తిరిగి వార్తల్లోకి వచ్చాను. అప్పటినుంచి కరువు గురించి రాసినా, వరద గురించి రాసినా, చూసిన నెల, తేదీ రాయకుండా వాక్యం ముగించను. ఇప్పటి ఎడిటర్లు ఆ ముక్క కొట్టేస్తారు. నేను మళ్లీ రాస్తాను.

ట్యాంకర్ పడ్డ మధ్యాహ్నం మోరీ నుంచి వాగు వెంట నడిచాను. నూనె తెట్టు వంపు దాకా వచ్చి ఇసుకలో ఇంకిపోయింది. చెలమ దానికి రెండు వందల అడుగుల దిగువన ఉంది. ఎల్లమ్మ అప్పటికే దాని చుట్టూ ముళ్లకంప వేసి, గొర్రెలను ఆపుతోంది. దోసిట్లో నీళ్లు తీసి నా ముందుకు చాపింది.

“వాసనైతే లేదు సారూ. తాగొచ్చునా, వొద్దా? నువ్వు రాసెటోనివి గద, చెప్పు.”

తెలియదన్నాను. ఆ నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాను. వాగును మ్యాపులో చేర్చమని, తప్పు నమోదు నాదేనని, ఏ నెలలో చూసి రాశానో కూడా చెప్పి అర్జీ పెట్టాను. ఇరవై రెండు రోజులైంది. రెండింటికీ జవాబు రాలేదు. ఎల్లమ్మ మందను రోజూ మైలున్నర అవతలి కాలువకు తోలుకుపోతోంది.