వేలి కింద కదలని పేజీ

“మన టీచరమ్మ పోయిందక్కా” అని మొన్న పొద్దున ఓబయ్య ఫోన్ చేసినప్పుడు, నేను గిద్దలూరులో నా కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో పెళ్లిపత్రిక దిద్దుతున్నాను. ఓబయ్య రాచర్ల దగ్గర గొర్రెలు మేపుతాడు. మా ఇద్దరికీ అక్షరాలు దిద్దించింది ఆమే. నిద్రలోనే పోయారట. ఆ పత్రిక ఆ రోజుకు అట్లాగే ఉండిపోయింది.

రిటైరయ్యాక ఒకసారి ఆమె నా షాపుకొచ్చి, “నాకొక వెబ్‌సైట్ చేసిపెట్టమ్మాయ్” అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఈ వయసులో వెబ్‌సైట్ ఏం చేసుకుంటారని అడిగాను.

“నాకెందుకే? ఐదో తరగతితో బడి మానేసి గొర్రెల ఎంట పోయినోళ్లున్నారు గదా, వాళ్లకు. అందరి చేతుల్లో ఫోన్లుండాయి, చదవను మటుకు ఏమీ లేదు. ఇట్లనే ఉంటే నేర్చుకున్న నాలుగక్షరాలూ మర్చిపోతారు. బళ్లో చెప్పిన కథలే రాసిస్తా, పెట్టు.”

పేజీ ఎంత ఉండాలన్న దగ్గరే మాకు పేచీ వచ్చింది. నేను తెర నిండా పరిచి చూపించాను. ఆమె సంచిలోంచి మార్కాపురం పలక ఒకటి తీసి తెరకు ఆనించారు. “ఇంత చాలు. వరసకు నాలుగు మాటలు. వరస పొడుగైతే పిల్లోడు ఎనక్కి తిరిగొచ్చేలోపల దారి తప్పుతాడు.” రెండు పక్కలా ఖాళీ వదిలేస్తే సరుకులేని దుకాణంలా ఉంటుందని నేను వాదించాను. ఒకరి మాట వినే రకం కాదు నేను. “ఖాళీ ఉంటే నీకేంది నొప్పి?” అన్నారామె. ఇంక చేసేదేముంది, స్కేలు పెట్టి పలక కొలిచి అంతే పేజీ చేశాను. ఇద్దరం దాన్ని చూసుకుని మురిసిపోయి టీ తాగాం.

ఓబయ్యను షాపుకు పిలిచి అతని ఫోన్లో తెరిపిస్తే పలకలో సగమే కనబడింది. మిగతా సగం కోసం పక్కకు లాక్కోవాలి. ఫోన్ ఎంత వెడల్పు ఉంటుందో మా ఇద్దరికీ తట్టనే లేదు. అది సులువే, అక్కడికక్కడే తగ్గించాను. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. వరస కింద వేలు పెట్టి చదవడం ఆమె మాకు నేర్పిన పద్ధతి. ఓబయ్య అట్లాగే పెట్టాడు. వేలు తగలగానే పేజీ పైకి జారిపోయింది. కిందికి లాక్కుని మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది.

“ఇది నిలబడటంల్యా టీచరమ్మా. నాకు రాదులే” అని ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు.

“వేలు తీసి చదువు ఓబయ్యా” అన్నాను.

టీచరమ్మకు కోపం రావడం నేను చూసింది అప్పుడే. “వాని వేలు తీయమంటావేంది? నీ పేజీని నిలబడమను.”

నిలబెట్టాను. ఒక్కో పేజీ ఫోన్ తెరకు సరిపోయేంతే. పైకీ కిందికీ జరగదు. వరసకూ వరసకూ మధ్య వేలు పట్టేంత జాగా. చివర, తర్వాతి పేజీకి పోయే బొత్తాం. ఇట్లాంటి వెబ్‌సైట్ ఎక్కడా చూడలేదని నాతో పని చేసేవాళ్లు ఎగతాళి చేశారు. ఆమె మాత్రం ప్రతి పేజీనీ తన వేలితో తడిమి చూసి గానీ ఒప్పుకునేవారు కాదు. ఎక్కడైనా పట్టకపోతే, “కథను నేను కోసుకుంటాలే, వేలికి జాగా ఉంచు” అనేవారు. తాను రాసుకున్న మాటల్ని అంత తేలిగ్గా వదులుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఇప్పుడు ఎవరికి ఏ పేజీ చేసినా ముందు నా వేలు పెట్టి చూస్తాను. నాకు అక్షరాలూ ఆమే ఇచ్చారు, చేతిలో పనీ ఆమే నేర్పారు. ఆ రుణం ఎంత చెప్పుకున్నా తీరేది కాదు.

కబురు విన్న రోజే ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో జనం. ఓబయ్య కర్రను గోడకు ఆనించి, పంచలో కూర్చుని, ఫోన్లో ఆమె కథ చదువుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి, వరస కింద వేలు నడుస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. చివరి కథ చివరి పేజీకి వచ్చి బొత్తాం కోసం వెతికాడు.

“ఇంగ ల్యాదా అక్కా?”

“లేదు ఓబయ్యా.”

ఓబయ్య మళ్లీ మొదటి పేజీకి పోయి, మొదటి వరస కింద వేలు పెట్టాడు. పేజీ కదల్లేదు.