బహ్రెయిన్‌లో ట్రై చేసినవాడు

కువైట్‌లో ఉన్న రోజుల్లో నేనొక రగ్బీ జట్టుకి కోచ్‌నని మా అమలాపురంలో చాలామందికి తెలుసు. తెలియడానికి కారణం నేనే. సెలూన్‌లో కుర్చీ ఖాళీ లేనప్పుడల్లా చెబుతుంటాను. నేనొక్క మాటంటే దొరలందరూ లేచి కదిలేవారని, నేను ఆపితే ఆగేవారని. అబద్ధం కాదు. నేను "యల్లా" అంటే లేచి బస్సెక్కేవారు, నేను బ్రేకు వేస్తే ఆగేవారు. సబ్హాన్‌లో ఒక గిడ్డంగి కంపెనీలో బస్సు డ్రైవర్ని నేను. శుక్రవారాలు ఆ బస్సుని రగ్బీ క్లబ్బు వాళ్ళు అద్దెకి తీసుకునేవారు. అంత పెద్ద బస్సుని వాళ్ళ ఇంగ్లీషులో కోచ్ అంటారట. అది పట్టుకుని కెప్టెను నన్ను సరదాగా "కోచ్" అని పిలిచేవాడు. ఆ పిలుపుని నేను భద్రంగా ఇంటిదాకా తెచ్చుకున్నాను, అంతే.

సద్దాం యుద్ధం ముగిసి కొన్నేళ్ళయిన కాలమది. దుబాయ్, దోహా, మస్కట్, బహ్రెయిన్, కువైట్ క్లబ్బులు చలికాలమంతా ఒకరి ఊరికి ఒకరు వెళ్ళి ఆడుకునేవి. మావాళ్ళ మైదానం సగం గడ్డి, సగం ఇసుక. బంతి ఒలవని కొబ్బరికాయలా ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని ముందుకి పరిగెత్తవచ్చు గాని, చేత్తో విసిరితే మాత్రం వెనక్కే విసరాలి. ఎదుటివాళ్ళు కాళ్ళు పట్టి పడేస్తుంటారు. ఇవన్నీ దాటుకుని అవతలి గీత దగ్గర బంతిని నేలకి ఆనిస్తే ఐదు పాయింట్లు. దాన్ని ట్రై అంటారు. ఒళ్ళు హూనం చేసుకుని సాధించినదానికి 'ప్రయత్నం' అని పేరు పెట్టుకున్న మర్యాదస్తుల్ని నేను మరెక్కడా చూడలేదు. మన దగ్గర "ట్రై చేశాడండీ" అంటే పని కాలేదని అర్థం. ఈ తేడాయే చివరికి నా పరువు తీసింది.

కెప్టెను న్యూజిలాండ్ మనిషి. సాల్మియాలో ఉండేవాడు, ఇంజనీరు. రెండు చెవులూ నలిపిన పూరీల్లా ఉండేవి. మైదానంలో అతన్ని చూస్తే ఎవరినైనా చంపేస్తాడేమో అనిపించేది. ఆట అయిపోగానే తనని తొక్కినవాడి భుజం మీదే చెయ్యి వేసి మజ్జిగ ప్యాకెట్టు అందించేవాడు. ఓడిన రోజున మావాళ్ళందర్నీ రెండు వరసల్లో నిలబెట్టి, గెలిచినవాళ్ళు మధ్యలోంచి నడిచి వెళుతుంటే చప్పట్లు కొట్టించేవాడు. ఓడిపోయి చప్పట్లు కొట్టే మగవాళ్ళని నేను అప్పుడే మొదటిసారి చూశాను. మా ఊళ్ళో కబడ్డీ పోటీ ఓడిపోతే ముందు లైట్లు పగిలేవి.

ఆ సీజన్లోనే రాయచోటి తమ్ముడు మా బస్సెక్కాడు. మా గిడ్డంగి పక్కన టైర్ల షాపులో పనిచేసేవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. లారీ టైరుని ఒంటిచేత్తో దొర్లించుకుపోయేవాడు. ఒక శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక "ఊరికే చూసి వస్తాన్నా" అని నాతో వచ్చాడు. కాసేపు చూశాడు.

"ఏందన్నా ఇది? మన కబడ్డీనే కదా. బంతి ఒకటి ఎక్కువుండాది."

"బంతి ఒకటి ఎక్కువ, బుద్ధి ఒకటి తక్కువ. నువ్వు దూరకేం."

ఆ రోజు ప్రాక్టీసుకి ఒక మనిషి తక్కువయ్యాడు. కెప్టెను ఇతని భుజాలు చూసి రమ్మని చెయ్యి ఊపాడు. ఇతను చెప్పులు విడిచి వెళ్ళాడు. నీళ్ళ ట్యాంకరంత దొర ఒకడు బంతితో వస్తుంటే, పాములా నేలకి వంగి చీలమండలు రెండూ చుట్టేశాడు. ట్యాంకరు కూలింది. అందరూ కేకలు వేశారు. విజిల్ మోగింది. ఇతను మాత్రం వదలలేదు. నలుగురు పట్టి లాగితే గాని ఊడి రాలేదు. సరే, ఇద్దరు. అందులో ఒకణ్ణి నేను.

రగ్బీలో పడేసినవాణ్ణి వెంటనే వదిలెయ్యాలి, పడ్డవాడు బంతిని వదిలెయ్యాలి. వదలకపోతే తప్పు, ఎదుటివాళ్ళకి పెనాల్టీ ఇస్తారు, వాళ్ళు బంతిని గోలు కర్రల మధ్యకి తన్ని మూడు పాయింట్లు పట్టుకుపోతారు. కానీ కబడ్డీలో పట్టినవాణ్ణి వదిలినవాడికన్నా వెధవ ఇంకొకడు ఉండడు. ఇతని ఒంటికి చిన్నప్పటినుంచీ తెలిసింది అదొక్కటే. అతని పట్టు చూసి జట్టులోకి తీసుకున్నారు. అదే పట్టు వల్ల మస్కట్ వాళ్ళతో ఇక్కడ ఆడిన మ్యాచ్ ఓడిపోయారు. తప్పు మీద తప్పు.

తిరిగి వస్తూ బస్సులో నా వెనక సీట్లో కూర్చుని మోకాలి మీద ఇసుక గీక్కుంటూ అడిగాడు.

"అన్నా, ఆఖరి మ్యాచ్ బహ్రెయిన్‌లోనంట కదా. విమానంలో పోతారంట కదా."

"అవును."

"నేను ఇంతవరకు విమానం ఎక్కిందంతా పనికేనన్నా. పనికి వస్తిమి, పని ఇడిసి ఇంటికి పోతిమి, మళ్ళా పనికి వస్తిమి. ఒక్కసారి ఆటకి ఎక్కాలన్నా."

అద్దంలో అతని మొహం చూశాను. "ఎక్కుదూలే తమ్ముడూ" అన్నాను.

ఎక్కడానికి రెండు అడ్డంకులు. మొదటిది కెప్టెను. దోహా వాళ్ళతో ఇక్కడ ఆడే మ్యాచ్‌లో ఒక్క తప్పు కూడా చెయ్యకపోతేనే బహ్రెయిన్ తీసుకెళతానన్నాడు. రెండోది కఫీల్, అంటే వీసా ఇచ్చినాయన. టైర్ల షాపు యజమాని, పెద్ద వయసు కువైటీ. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉండేది. చేతికిస్తే ఇతను బహ్రెయిన్ నుంచి అటే మాయమవుతాడని ఆయన అనుమానం.

కఫీల్‌ని నేనే ఒప్పించానని సెలూన్‌లో చెబుతాను. ఆయన ముందు కూర్చుని, అరబ్బీలో అరగంట వాదించి. నాకొచ్చిన అరబ్బీతో అరగంట వాదించాలంటే అన్న మాటే వందసార్లు అనాలి. వెళ్ళింది కెప్టెను. పెద్ద ఇంజనీరు, షాపులో కుర్చీ లేకపోతే టైరు మీద కూర్చున్నాడు, ఇచ్చిన టీ తాగాడు, "తీసుకెళ్ళేది నేను, తీసుకొచ్చేదీ నేనే" అన్నాడు. కఫీల్ గెడ్డం నిమురుకుని, "ముందు ఆ ఆటేమిటో చూడనివ్వండి" అన్నాడు.

ఇక అన్నీ ఆ దోహా మ్యాచ్ మీదే పడ్డాయి. దానికి ముందు శుక్రవారం ప్రాక్టీసులో కూడా ఇతను వదలలేదు. కెప్టెను తిడతాడేమో, ఆ తిట్లని తెలుగులో కాస్త తగ్గించి చెబుదాం అని నేను సిద్ధమయ్యాను. తిట్టలేదు. నన్ను పిలిచి, "మీ ఆటలో మనిషిని ఎప్పుడు వదులుతారో అడుగు, కోచ్" అన్నాడు.

అడిగాను.

"కూత ఆగినాకన్నా. కబడ్డీ కబడ్డీ అంటా ఉంటాడు కదా. ఊపిరి తెగి కూత ఆగిపోతే వాడు ఔటు. ఇంగ వాణ్ణి పట్టుకుని ఏం జేసేది?"

నేను నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. కెప్టెను బంతి పట్టుకుని తనే ఇసుకలో దభీమని పడ్డాడు. పడ్డచోటి నుంచే తల ఎత్తి అన్నాడు.

"ఇప్పుడు నా మోకాలు నేలకి తగిలింది. నా కూత ఆగింది. అతనికి చెప్పు."

చెప్పాను. రాయచోటి తమ్ముడు నోరు తెరుచుకుని చూశాడు. "ఓర్నీ! ఔటైనోణ్ణా నేను ఇన్నినాళ్ళూ పట్టుకుంటా ఉండింది?" అన్నాడు సిగ్గుగా.

ఈ కిటుకు కనిపెట్టింది నేనేనని కూడా చాలామందికి చెప్పాను. లేదు. మన ఆటలోని మాటతోనే మనవాడికి తన ఆట నేర్పింది ఆ న్యూజిలాండ్ మనిషే. నేను మధ్యలో తాడులాంటి వాణ్ణి.

దోహా మ్యాచ్ రోజున కఫీల్ తన పెద్ద కారుని గీత పక్కనే ఆపి, ఏసీ వేసుకుని, అద్దాలు బిగించుకుని కూర్చున్నాడు. మొదటి పట్టు. దోహావాడు గుర్రంలా వస్తున్నాడు. ఇతను ఎదురెళ్ళి వంగాడు. పెదాలు కదులుతున్నాయి. ఎదుటివాడి కూత తనే కూస్తున్నాడు. దోహావాడి మోకాలు నేలకి తగిలింది. ఇతని పెదాలు ఆగాయి. కాలుతున్న పెనం మీద నుంచి తీసినట్టు చేతులు రెండూ పైకి లేపేశాడు. విజిల్ మోగలేదు. గీత పక్క నుంచి కారు హారన్ మోగింది.

అక్కడినుంచి పట్టినప్పుడల్లా హారన్ మోగింది. ఆటయ్యాక కఫీల్ అద్దం దించి నన్ను పిలిచాడు. సగం అరబ్బీ, సగం హిందీ కలిపి అన్నాడు.

"పారిపోయేవాడు ఇలా ఎదురెళ్ళి పడడు. పాస్‌పోర్టు తీసుకెళ్ళమను."

బహ్రెయిన్ క్లబ్బు వీసా పంపింది. ఇక అక్కడి మ్యాచ్. దాన్ని నేను కళ్ళారా చూసినట్టు చెబుతాను. గాలి ఎటు వీచిందో కూడా చెబుతాను. నిజానికి విమానానికి డ్రైవరు వేరే ఉన్నాడు కాబట్టి నా అవసరం పడలేదు. ఆ సాయంత్రం నేను అబ్బాసియాలో మా గది కింద బకాలాలో, అంటే కిరాణా కొట్లో, ఫోను దగ్గర కాపలా ఉన్నాను. కడపవాళ్ళు, మా గోదావరివాళ్ళు చుట్టూ మూగి ఉన్నారు. మోగింది. గరగరమని ఒకటే చప్పుడు.

"అన్నా! చివర్లో ట్రై చేసినాన్నా! గీతకాడ..."

లైను తెగిపోయింది.

నేను రిసీవరు పైకెత్తి పట్టుకుని అరిచాను. "ట్రై చేశాడు! మనోడు బహ్రెయినోళ్ళ మీద ట్రై చేశాడు!"

దర్జీ ఒకాయన, "అయ్యో పాపం. పోనీలెండి, ట్రై చేశాడు కదా" అన్నాడు.

"ఏటండీ మీరు, ఆ ట్రై కాదండీ! ట్రై అంటే గెలుపండీ!"

కూర్చోబెట్టి అందరికీ రగ్బీ నేర్పాను. నేర్పుతూ నేర్పుతూ చూడని మ్యాచ్ కూడా చెప్పేశాను. ముగ్గురు దొరలు వీపు మీద వేలాడుతుంటే ఈడ్చుకుంటూ గీత దాటాడన్నాను. మిఠాయి కొట్టు నుంచి లడ్లు వచ్చాయి. మర్నాడు విమానాశ్రయానికి నేను బస్సు తీస్తుంటే, మలయాళీ కొట్లో మల్లెపూల దండ కట్టించుకుని మా వాళ్ళు కూడా ఎక్కేశారు.

కెప్టెను ముందు వచ్చాడు. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. దండ చూసి, "ఎవరిది పెళ్ళి, కోచ్?" అన్నాడు. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయామన్నాడు.

వెనకే సంచీతో వచ్చిన రాయచోటి తమ్ముణ్ణి నేను పక్కకి లాగాను. "ట్రై చేశానన్నావు కదయ్యా?"

"చేసినాననే కదన్నా చెప్పినా? ట్రై అయితే చేసినా, కాలే. గీతకి జానెడు దూరంలో పడేసిరి."

సీజనంతా రగ్బీలో మునిగి నేను తెలుగు మరిచిపోయాను. అతను రగ్బీ ఆడి వచ్చి కూడా తెలుగే మాట్లాడాడు. మా వాళ్ళందరూ నా వైపు తిరిగారు.

"ఏమన్నా, ముగ్గురు దొరల్ని ఈడ్చుకుంటా పోయినాడంటివే?"

"ఈడ్చాడు. గీతదాకా" అన్నాను.

ఆ నవ్వులు కెప్టెనుకి అర్థం కాక అడిగాడు. చెప్పాను. నవ్వలేదు. దండ తీసుకుని రాయచోటి తమ్ముడి మెడలో వేశాడు. ఇతను జానెడు దూరంలో పడ్డాడు, పడ్డ క్షణంలోనే బంతి వదిలేశాడు, వెనక వచ్చినవాడు అది తీసుకుని గీత దాటాడు, ఇతను వదలకపోతే ఆ ఐదు పాయింట్లు కూడా మాకు లేవు అన్నాడు. తర్వాత రెండు వరసల్లో నిలబెట్టాడు. ఆటగాళ్ళూ, మా అబ్బాసియావాళ్ళూ కలిసి. విమానాశ్రయం బయట, ట్రాలీల మధ్య. చప్పట్లు కొట్టించాడు.

దండ మెడలోనే పెట్టుకుని బస్సులో నా వెనక సీట్లో కూర్చున్నాడు. సబ్హాన్ మలుపు దగ్గర ముందుకి వంగాడు.

"బహ్రెయిన్లో దిగినాక ఆఫీసరు అడిగినాడన్నా, 'షుగల్?' అని. పనికొచ్చినావా అని. 'లా, లాయెబ్' అంటి. కాదు, ఆటగాణ్ణి అని. నా చేతులు చూసినాడు. గోళ్ళల్లో టైర్ల నలుపు ఉండె. మళ్ళా నా మొగం చూసి, 'లాయెబ్?' అన్నాడు. ఔను అంటి. స్టాంపు యేసినాడన్నా."

ఆ స్టాంపు నాకు చూపించాడు. నేను బస్సు పక్కకి ఆపి మరీ చూశాను.

ఇప్పటికీ సెలూన్‌లో రగ్బీ మాట వస్తే కోచ్‌నంటాను, కఫీల్‌తో అరబ్బీ అంటాను. కానీ చివరికి వచ్చేసరికి ముగ్గురు దొరల్ని వదిలేసి, "బహ్రెయిన్లో మనవాడు ట్రై చేశాడండీ" అని ఊరుకుంటాను. నా జన్మలో పైన ఏమీ కలపాల్సిన పని లేకుండా చెప్పిన మాట అదొక్కటే.

మొన్న గెడ్డం గీయించుకుంటున్న మాస్టారు సబ్బు నురగలోంచే నన్ను ఓదార్చాడు. "పోనీలెండి. ట్రై చేశాడు కదా."

"ఆయ్. చేశాడండీ" అన్నాను.